నియతశ్రావ్యము : చిన్న సమాజముల మాటకు మరుగు

నాటకమున పాత్రలు పలుకు మాటను మన లాక్షణికులు మూడు విధములుగా విభజించిరి. రంగముమీద నున్న వారందఱును వినదగినది సర్వశ్రావ్యము. దీనికే ప్రకాశమని పేరు. ఎవ్వరును వినరానిది అశ్రావ్యము, అది స్వగతము. ఈ రెంటికి నడుమ కొందఱు మాత్రమే వినదగినది నియతశ్రావ్యము. ఇది మరల రెండు తెఱగులు. త్రిపతాకహస్తముతో తక్కినవారిని మరుగుపఱచి ఒకరితో నొకరు సంభాషించుట జనాంతికము; ప్రక్కకు మరలి యొకనికి రహస్యము చెప్పుట అపవారితము. పదవ శతాబ్దమువాడైన ధనంజయుడు దశరూపకము ప్రథమప్రకాశమున ఈ విభాగమును సంగ్రహముగా నిరూపించెను. తెలుగు నాటకములు చదివినవారికి కుండలీకరణములలో కనబడు 'స్వగతము', 'ప్రకాశముగా', 'జనాంతికముగా' అను సూచనలు చిరపరిచితములు.

ఈ ప్రాచీనవిభాగము మాకు ఇటీవల అనుకొనని చోట గుర్తునకు వచ్చినది. డేరియస్ కజెమి అమెరికాదేశపు కళాకారుడు, ప్రోగ్రాము రచయిత. ఆయన 2018 ఆగస్టు మొదలుకొని ఇంచుమించు ఏబదిమంది స్నేహితులకొఱకు 'ఫ్రెండ్ క్యాంప్' అను సాంఘికజాలము నొకదానిని నడపి, ఆ యనుభవమును 2019లో 'రన్ యువర్ ఓన్ సోషల్' అను మార్గదర్శినిగా వ్రాసెను. 'మీ సాంఘికజాలమును మీరే నడపుకొనుడు' అని ఆ పేరునకు భావము. రచన చిన్నది, శైలి నిరాడంబరము. అందు యంత్రవిషయములు తక్కువ, మనుష్యవిషయములు ఎక్కువ. సాంఘికజాలముల పెద్దచిక్కులు యంత్రమునకు సంబంధించినవి కావనియు, నియమములు, విలువలు, అధికారము అనువానికి సంబంధించినవనియు ఆయన పీఠికలోనే స్పష్టపఱచినాడు.

తెలుగుశాఖవారి పత్రికలో ఇట్టి రచనను విమర్శింపబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని ఎవరు ఎవరితో, ఎవరు వినుచుండగా మాటాడుచున్నారను ప్రశ్న మొదటినుండియు సాహిత్యశాస్త్రపు ప్రశ్నయే. మమ్మటుడు కావ్యప్రకాశమున వ్యంగ్యార్థము స్ఫురించుటకు గల కారణములను పేర్కొనుచు వక్తను, బోద్ధవ్యుని చెప్పి ఊరకొనలేదు. 'అన్యసన్నిధి'ని గూడ లెక్కించెను. చెప్పువాడు, వినువాడు కాక మూడవవాడొకడు దగ్గర నుండుటచేతనే ఒక వాక్యమునకు అర్థము మాఱునని దాని తాత్పర్యము. నేటి సాంఘికజాలములలో మనము చూచుచున్న అపార్థములలో, అవమానములలో, కలహములలో పెక్కింటికి మూలము ఈ అన్యసన్నిధియే. పదిమంది మిత్రులనుద్దేశించి ఆడిన పరిహాసోక్తి పదివేలమంది అపరిచితుల యెదుట పడినపుడు అక్షరము మాఱకయే అర్థము మాఱిపోవుచున్నది. నాటకకర్తకు మూడవవాడెవడో తెలియును. జాలమున వ్రాయువానికి తెలియదు.

ముందుగా సమాఖ్యజాలమనగా నేమో కొంచెము చెప్పవలెను. ఫేస్‌బుక్కు వంటిది ఒకే యజమాని నడపు మహాభవనము. సమాఖ్యజాలము అట్లు కాదు. వేఱువేఱు వ్యక్తులు, సంఘములు నడపు వేలకొలది సర్వరులు ఒకే భాషతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనును. ఒక సర్వరునందలి సభ్యుడు మఱొక సర్వరునందలి సభ్యుని అనుసరింపవచ్చును, జవాబు చెప్పవచ్చును. ఈ-మెయిలు ఎఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. ఈ సర్వరులు మాటాడుకొను భాషకు 'యాక్టివిటీపబ్' అని పేరు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము దీనిని 2018 జనవరి 23న ప్రమాణముగా అంగీకరించినది. దీనిని వాడు ప్రోగ్రాములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మాస్టడాన్. దానిని జర్మనీలో నుండిన యూజెన్ రోచ్కో 2016లో వెలువరించెను. ప్రోగ్రాము ఎల్లరకును ఉచితము. దాని మూలమును ఎవరైనను తీసికొని మార్చుకొనవచ్చును. కజెమి అట్లు మార్చుకొనినదే 'హోంటౌన్'.

మాస్టడాన్ తన సభ్యునికి నాలుగు శ్రావ్యతల నొసగును. మొదటిది అందఱికిని కనబడి, బహిరంగ ప్రవాహములందును చేరునది. రెండవది అందఱికిని కనబడునదియే కాని ఆ ప్రవాహములలో చేరనిది. దీనిని మొదట 'జాబితాలో చేర్పనిది' అనిరి, పిదప 2024లో 'నెమ్మదిగా బహిరంగము' అను అర్థము వచ్చునట్లు పేరు మార్చిరి. మూడవది అనుసరించువారికి మాత్రము. నాలుగవది పోస్టులో పేర్కొన్నవారికి మాత్రము. పైకి చూచిన దశరూపకకారుని విభాగమునకు ఇది చక్కని ఉదాహరణముగా తోచును: మొదటి రెండును ప్రకాశములు, తక్కిన రెండును నియతశ్రావ్యములు. స్వగతమునకు మాత్రము ఇందు చోటులేదు. స్వగతము వ్రాయదలచినవాడు కాగితమును వెదకికొనవలసినదే.

అయితే యంత్రము లోపల ఈ భేదములు ఎట్లు వ్రాయబడుచున్నవో చూచినచో వ్యాకరణము చదివినవానికి నవ్వు వచ్చును. యాక్టివిటీపబ్ పోస్టులో, ఉత్తరముపైని చిరునామావలె, 'ఎవరికి' అను గడియు 'ప్రతి ఎవరికి' అను గడియు నుండును. 'లోకమునకు' అను ఒక ప్రత్యేకనామము గలదు. లోకము మొదటి గడిలో నుండి అనుచరులు రెండవగడిలో నున్నచో ఆ పోస్టు సంపూర్ణబహిరంగము. అనుచరులు మొదటి గడిలోనికి, లోకము రెండవగడిలోనికి మాఱినచో అది నెమ్మదియైన బహిరంగము. లోకమును తొలగించినచో అనుచరులకు మాత్రము. ఇంతే. గౌరవభేదమంతయు చతుర్థీవిభక్తిలో ఏపేరు ముందు, ఏపేరు వెనుక అనుదానిలోనే యున్నది! ఈ అర్థమును మాస్టడాన్ ఆచారముగా ఏర్పఱచినది. తక్కిన ప్రోగ్రాములు దానిని గౌరవించుచున్నవి. గౌరవింపక పోయినచో నిర్బంధించు యంత్రాంగ మేదియు లేదు.

ఇచ్చటనే మా ప్రధానవిమర్శ ఆరంభమగుచున్నది. నాటకమున జనాంతికము ఎట్లు సాధ్యమగుచున్నది? రంగము చిన్నది. మాట చివరివరుసలోనివానికి గూడ వినబడునంత బిగ్గరగా పలుకబడుచున్నది. ప్రక్కనే నిలిచిన పాత్రకు అది వినబడక మానదు. ఐనను నాట్యధర్మమును బట్టి అతడు విననట్లు నిలుచును. నటుడు ఎత్తిన మూడువ్రేళ్లు గోడ కాదు, ఒక సంకేతము మాత్రమే. సమాఖ్యజాలమునందలి 'అనుచరులకు మాత్రము' అను గుర్తు గూడ సరిగా ఇట్టి త్రిపతాకహస్తమే. నేను ఒక పోస్టును అనుచరులకు మాత్రమని వ్రాసితినేని, నా అనుచరులున్న ప్రతి సర్వరునకును దాని ప్రతి యొకటి చేరును. చేరిన పిమ్మట దానిని ఎవరికి చూపవలెనో, ఎవరికి చూపరాదో నిర్ణయించునది నా సర్వరు కాదు, చేరిన సర్వరు. నేను దానిని తుడిచివేసినచో 'తుడువుడు' అను విన్నపము పోవును. ఆ విన్నపమును పాటించుటయు వారి ధర్మబుద్ధిని బట్టియే.

ఇది ఊహామాత్రమైన భయము కాదు. 2025 మార్చిలో చిత్రములు పంచుకొనుటకు వాడు పిక్సెల్‌ఫెడ్ అను సమాఖ్యప్రోగ్రామునందు ఒక లోపము బయటపడి సవరింపబడినది. వేఱు సర్వరునందలి ఒక వ్యక్తి తన ఖాతాను తాళమువేసికొని, తాను అంగీకరించినవారే తన్ను అనుసరింపవలెనని కోరుకొన్నాడనుకొందము. పిక్సెల్‌ఫెడ్ సభ్యుడు అతనిని అనుసరింపగోరిన మాత్రముననే, అంగీకారము రాకమునుపే, వచ్చినట్లుగా ఆ ప్రోగ్రాము వ్రాసికొనుచుండెను. అదే సర్వరునందు న్యాయముగా అంగీకారము పొందిన అనుచరుడు మఱియొకడు ఉన్నయెడల, అతనికొఱకు వచ్చిన ప్రతి అంగీకారము లేనివానికిని కనబడుచుండెను. తాళము వేసికొనినవాడు చేసిన తప్పేమియు లేదు. అతని సర్వరు చేసిన తప్పును లేదు. ప్రక్కపాత్ర విననట్లు నటింప మఱచినది, అంతే.

మఱొక సూక్ష్మము. 'అనుచరులకు మాత్రము' అని వ్రాయువారు పలువురు తమ ఖాతాకు తాళము వేసికొనరు. అట్టియెడ ఎవడైనను ఒక్క మీట నొక్కి అనుచరుడై ఆ మాటలు చదువవచ్చును. ఇది తలుపులేని గదికి గొళ్లెము పెట్టుట వంటిది. ఈ రెండు ఏర్పాటులును ప్రోగ్రాములో వేఱువేఱు పుటలలో నుండుటచే సామాన్యుడు వాని సంబంధమును గుర్తింపడు.

నాలుగవదానికి వత్తము. పేర్కొన్నవారికి మాత్రమే చేరు పోస్టును మాస్టడాన్ చాలకాలము 'ప్రత్యక్షసందేశము' అని వ్యవహరించి, పిదప ఆ పేరు మార్చి 'ఆంతరంగికముగా పేర్కొనుట' అను అర్థము గల పేరు పెట్టినది. ఈ మార్పు మెచ్చదగినది. ఏలనన మొదటి పేరు మూసిన కవరును స్ఫురింపజేయును. వస్తువు మాత్రము మూసిన కవరు కాదు. ఇందొక విచిత్రమైన అపాయము గలదు. ఇరువురు మూడవవానిని గూర్చి గుసగుసలాడుకొనుచు అతని పూర్తి చిరునామాను వ్రాసినచో, ఆ మాట అతనికిని చేరును. పేర్కొనుటయే పిలుచుట. జనాంతికమున ఎత్తిన చేయి మూడవవానిని తొలగించును. ఇచ్చట పేరు ఎత్తుట మూడవవానిని రప్పించును. మన పల్లెలలో రాత్రివేళ పామును పేరుపెట్టి పిలువక 'పురుగు' అని చెప్పు పెద్దల జాగ్రత్త ఈ జాలమున మరల అవసరమైనది!

ఇంతవరకు రంగముమీది పాత్రలను గూర్చియే చెప్పితిమి. కాని జనాంతికమును, అపవారితమును, తుదకు స్వగతమును గూడ పూర్తిగా వినువాడొకడు గలడు. అతడు ప్రేక్షకుడు, శాస్త్రపరిభాషలో సామాజికుడు. నాటకమంతయు వానికొఱకే. సమాఖ్యజాలమున ఆ సామాజికుని స్థానమున నున్నవాడు సర్వరు నిర్వాహకుడు. మాస్టడాన్‌లో నాలుగవతెగ మాటలు గూడ మొదటినుండి చివరివఱకు సంకేతలిపిలో నుండవు. నిర్వాహకుడు కోరినచో డేటాబేసులో వానిని చదువగలడు. పంపినవాని సర్వరు నిర్వాహకుడే కాదు, అందుకొన్నవాని సర్వరు నిర్వాహకుడును చదువగలడు. వారు చదువుచున్నారని మా అభియోగము కాదు. పెక్కుమంది నిర్వాహకులు జీతము లేక, సెలవులేక, తమ చేతిసొమ్ము వెచ్చించి పనిచేయు సజ్జనులు. కాని వారి సౌజన్యమొక్కటే గోడగా నున్నదనుట సభ్యులకు తెలిసియుండవలెను.

వారి సౌజన్యము గూడ చాలని సందర్భము 2023లో కలిగినది. కొలెక్టివా అను సర్వరు రాజకీయకార్యకర్తలు ఎక్కువగా నుండినట్టిది. ఆ సంవత్సరము మే నెలలో దాని నిర్వాహకులలో నొకరి యింటిని ఆ సర్వరునకు సంబంధములేని వేఱొక విషయమున ఎఫ్.బి.ఐ. వారు సోదాచేసి యంత్రములను పట్టుకొనిపోయిరి. వానిలో ఆ సర్వరు డేటాబేసు ప్రతియొకటి సంకేతలిపి లేక తెఱచియున్న స్థితిలో నుండెను. సభ్యుల మాటలన్నియు, 'పేర్కొన్నవారికి మాత్రము' అని వ్రాసికొన్నవితో సహా, అందుండెను. నిర్వాహకులు ఈ విషయమును దాచక సభ్యులకు ప్రకటించిరి. అట్టి ప్రకటన చదివిన సభ్యుని మనఃస్థితిని ఊహించుడు. అతడు స్నేహితునితో చెప్పుకొన్న ఆరోగ్యవిషయమో, కుటుంబకలహమో, ఉద్యమరహస్యమో ఇప్పుడు పరాధీనము. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అను సామెతలో గుట్టు తెలిసినవాడు విభీషణుడు. వానికి స్వంతబుద్ధి యుండెను. ఇక్కడ విభీషణుడు ఒక ఇనుపపెట్టె.

ఈ నేపథ్యమున కజెమి రచనను పరిశీలింపవలెను. ఆయన చేసిన మేలు ప్రధానముగా ఒకటి. మాట ఎవరికి కనబడవలెను అను ప్రశ్నను, మాట ఎంతదూరము ప్రయాణింపవలెను అను ప్రశ్ననుండి విడదీసెను. హోంటౌన్‌లో 'స్థానికమాత్రము' అను మీట యొకటి గలదు. దానిని నొక్కి వ్రాసిన పోస్టు ఆ సర్వరును దాటి పోదు. బయటి సర్వరులకు ప్రతి పంపబడదు. ఆ సర్వరు సభ్యుడుగా లోనికి వచ్చినవానికే కనబడును. ఈ మీట పైని చెప్పిన నాలుగు శ్రావ్యతలకు బదులుగా వచ్చినది కాదు, వానితో కలసి పనిచేయునది. స్థానికుల కందఱికినని వ్రాయవచ్చును. స్థానికులలో నా అనుచరులకు మాత్రమనియు వ్రాయవచ్చును. ఈ భావము కజెమికి ముందే 'గ్లిచ్-సోక్' అను మఱొక మాస్టడాన్ రూపాంతరమున గలదు. అందు పోస్టు చివర కన్ను బొమ్మను చేర్చుట దీనికి గుర్తు. కాని దానిని ఒక జీవనపద్ధతికి పునాదిగా చేసి, అది యెందుకు కావలెనో సరళముగా వ్రాసినవాడు కజెమి. మూలమాస్టడాన్ మాత్రము ఏండ్ల తరబడి దీనిని తనలో చేర్చుకొనలేదు.

ఈ విడదీతలోని లోతును మేము ఎక్కువగా గౌరవించుచున్నాము. పైని చెప్పిన దోషములన్నియు ప్రతి ప్రయాణించుటవలన కలిగినవి. ప్రయాణింపని ప్రతికి పరాయి సర్వరు సౌజన్యముతో పనిలేదు. ఇచ్చట మూడువ్రేళ్ల సంకేతము నిజముగా గోడయైనది. ఏబదిమంది ఒకరి నొకరు ఎఱుగుదురు గనుక తమకు మాత్రమే తగిన మిక్కిలి ప్రత్యేకమైన నియమములను ఏర్పఱచుకొనవచ్చునని కజెమి వాదించుట గూడ సమంజసమే. కోట్లమందికి ఒకేనియమము వ్రాయబూనిన సంస్థలు ఎట్టి జిగురుమాటలలో చిక్కుకొనుచున్నవో లోకము చూచుచునే యున్నది.

చిన్నగుంపులకు తమ సభ్యులను వర్గములుగా చేసికొను సౌకర్యము చాలదా యని కొందఱడుగవచ్చును. అది వెనుక జరిగిన ప్రయత్నమే. 2010లో న్యూయార్కు విద్యార్థులు నలుగురు ఆరంభించిన డయాస్పొరా 'ఆస్పెక్టు'లను, 2011లో గూగుల్ ప్లస్ 'సర్కిల్'లను తెచ్చినవి. వ్రాయువాడు ప్రతిమాటకును శ్రోతలను ఎంచుకొనవలెను. కాని ఆ వర్గము వ్రాయువాని మనస్సులో మాత్రమే యుండును; అందున్నవారికి తమతో నున్నవారెవరో పూర్తిగా తెలియదు. అన్యసన్నిధి తెలియనిచోట జవాబు చెప్పువాడెట్లు ధైర్యముగా చెప్పును? ఫ్రెండ్ క్యాంప్ వంటిచోట శ్రోతల సమూహము అందఱికిని తెలిసినది. ఒకరి జాబితాకును, ఒక ఊరికిని గల భేదమిది. గూగుల్ ప్లస్ సామాన్యజనులకు 2019 ఏప్రిలులో మూతపడినది. దానికి పలుకారణములున్నను ఈ లోపము చిన్నది కాదని మా తలంపు.

ఇక మాకు తీరని సందేహములు. స్థానికమాత్రమను గోడ పరాయి సర్వరును అడ్డుకొనునే గాని సామాజికస్థానమున నున్న నిర్వాహకుని అడ్డుకొనదు. పైగా ఏబదిమంది స్నేహితుల సర్వరున నిర్వాహకుడు అపరిచితుడు కాడు. పెండ్లిండ్లకు పిలువబడువాడు, అప్పిచ్చినవాడు, ఒకప్పుడు ప్రేమించినవాడు గూడ కావచ్చును. అపరిచితుడు నా రహస్యము చదివినచో నాకు కలుగు నష్టము వేఱు, స్నేహితుడు చదివినచో కలుగు సంకోచము వేఱు. అధికారము అను మాటను పీఠికలోనే ఎత్తికొన్న రచయితకు ఈ చిక్కు తెలియదని అనజాలము. కాని చిన్నతనమే దీనికి మందు అను ధోరణి ఆ రచనలో అంతర్లీనముగా కనబడుచున్నది. మాకు చిన్నతనము కొంతవఱకు రోగకారణముగా గూడ కనబడుచున్నది. పల్లెటూరిలో పుట్టిపెరిగిన తెలుగువానికి ఈ మాట వివరింప నక్కఱలేదు. అందఱును అందఱినెఱిగిన ఊరిలో మరుగు అనునది పట్నములోకంటె దుర్లభము. గోడకు చెవులుండునను సామెత పల్లెలో ఎంత నిజమో అద్దెకొంపలు మార్చుకొను పట్నవాసికి తెలియదు.

రెండవ సందేహము స్నేహము చెడినపుడు. సభ్యుడొకడు వెలివేయబడినచో అతడు వ్రాసిన స్థానికపు మాటలు ఏమగును? అవి బయట ఎక్కడను ప్రతిలేనివి. ప్రయాణింపని మాటకు గోడ యెంత రక్షణయో అంత చెఱయు నగును. నిర్వాహకుడు విసిగి సర్వరు మూసివేసిననాడును ఇదే ప్రశ్న.

స్థానికమాత్రమును ఆక్షేపించువారు మఱొక మాట చెప్పుదురు: సర్వరులు కలసి మాటాడుకొనుటయే సమాఖ్య, ఎవరికి వారు తలుపులు మూసికొన్నచో సమాఖ్య ఎక్కడిది అని. ఈ వాదము మాకు నచ్చలేదు. వీధి యరుగుమీద నలుగురితో మాటాడువాడు వంటింట మాటాడుటను మానవలెనా? పైగా గత సంవత్సరముల చరిత్ర చూడుడు. 2019 జులైలో గ్యాబ్ అను తీవ్రవాదభావములకు పేరుపడిన జాలము మాస్టడాన్ ప్రోగ్రామునే తీసికొని సమాఖ్యలోనికి వచ్చినది. చాల సర్వరులు దానితో సంబంధము తెంచుకొన్నవి. ఆ యేడే మాస్టడాన్ మూడవరూపమున, బహిరంగమైన పోస్టును అడుగవచ్చిన సర్వరును గూడ సంతకము చేయుమని కోరు ఏర్పాటు వచ్చినది. అది లేనిచో నిషేధింపబడిన సర్వరు పేరుచెప్పక వచ్చి చదివిపోవచ్చును. 2024 మార్చిలో మెటా సంస్థవారి థ్రెడ్స్ కొన్నిదేశముల సభ్యులకు సమాఖ్యద్వారమును తెఱచినపుడు చిన్న సర్వరులు రెండుగా చీలి, కొన్ని ఆహ్వానించినవి, కొన్ని ముందే తలుపువేసినవి. ఇన్ని తలుపులు పుట్టినవనగా తలుపు కావలసినవారు మొదటినుండియు ఉన్నారని యర్థము.

బహిరంగమైన మాటకు గూడ మర్యాద గలదనుట ఈ చరిత్రలోని మఱొక పాఠము. హెలెన్ నిసెన్‌బామ్ 2004లో వ్యాసముగాను, 2010లో గ్రంథముగాను ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము గోప్యతయనగా దాచుట కాదు. ఒక విషయము ఏ సందర్భమున చెప్పబడినదో ఆ సందర్భపు మర్యాదను బట్టి ప్రవహించుట. వైద్యునికి చెప్పినది వైద్యునివద్ద నుండవచ్చును, యజమానికి చేరరాదు. 2024 ఫిబ్రవరిలో సమాఖ్యజాలమును బ్లూస్కై అను వేఱు జాలముతో కలుపు 'బ్రిడ్జీ ఫెడ్' అను వంతెన సిద్ధమగుచుండగా, వలదన్నవారిని మాత్రము విడిచి తక్కినవారి బహిరంగపు పోస్టులను కొనిపోవుదుమని మొదట ప్రకటించిరి. పెద్ద కలవరము చెలరేగి, తుదకు కావలెనన్నవారివి మాత్రమే కొనిపోవునట్లు మార్చిరి. బహిరంగమైనదానికి అనుమతి యేల యని ఆక్షేపించినవారు తర్కమును గెలిచి మర్యాదను ఓడిరి. 2023 సెప్టెంబరులో మాస్టడాన్ తన పోస్టులలో వెదకు సౌకర్యమును పెట్టినపుడు, సభ్యుడు సమ్మతించినచోనే అతని బహిరంగపు మాటలు అందు చేరునని నియమించుటలో ఈ మర్యాదయే కనబడుచున్నది.

మన దేశమున ఈ జాలము పేరు పత్రికలకెక్కినది 2019 నవంబరులో. ప్రసిద్ధన్యాయవాది యొకరి ట్విట్టర్ ఖాతా నిలుపుదలతో కోపించిన భారతీయులు పెక్కురు అప్పుడు మాస్టడాన్‌లో చేరిరి. ఆ యుత్సాహము నిలిచినది కాదు. తెలుగువారి చిన్నసమాజములు, పూర్వవిద్యార్థులు, అపార్టుమెంటువారు, బంధువర్గము, ఈనాడును వాట్సాప్ గ్రూపులలోనే యున్నవి. ఆ రెంటికిని గల భేదము తలక్రిందులైనది. వాట్సాప్‌లో మాట సంకేతలిపిలో పోవును గనుక యంత్రము నడపువాడు చదువజాలడు. కాని సభ్యుడెవడైనను ఒక్క వ్రేటుతో దానిని వేఱొకచోటికి 'ఫార్వర్డు' చేయును. అట్టి మాటలు ప్రాణములు తీయునంతటి అనర్థము తెచ్చిన పిదపనే 2018లో భారతదేశమున ఒకమాఱు అయిదుచోట్లకు మించి పంపరాదను పరిమితి వచ్చినది. మాస్టడాన్‌లో అనుచరులకు మాత్రమన్న పోస్టును అనుచరుడు పునఃప్రకటింపజాలడు. యంత్రము నడపువాడు మాత్రము చదువగలడు. ఒకచోట ప్రేక్షకునికి తెఱవేసి పాత్రలకు నోరిచ్చిరి. ఇంకొకచోట పాత్రల నోరుకట్టి ప్రేక్షకుని కూర్చుండబెట్టిరి.

మా శాఖకు సంబంధించిన పని ఒకటి మిగిలినది. మాస్టడాన్ తెరమీది మాటలకు తెలుగుసేత గలదు. ఈ శ్రావ్యతలకు ఎట్టి తెలుగు పేర్లు పెట్టవలెనను ప్రశ్న కేవల పారిభాషికము కాదు, సభ్యుడు పేరును నమ్మియే మీట నొక్కును గనుక. బహిరంగమునకు 'చాటింపు' అని వాడినచో డప్పుతో ఊరంతయు తిరుగుట స్ఫురించును. నెమ్మదియైన బహిరంగమునకు 'చాటింపు లేక' అన్నచో భేదము చక్కగా తెలియును. స్థానికమాత్రమునకు 'పొలిమేర దాటనిది' యనుటకంటె మంచిమాట మాకు దొరకలేదు. 'ఊరిమాట' యని ఒక విద్యార్థి సూచించెను గాని అది వదంతియను అర్థమిచ్చును. నాలుగవదానికి 'ఏకాంతము', 'రహస్యము', 'గోప్యము' అను మూటిని మేము నిరాకరించుచున్నాము. వానిలో నేదియు ఆ మీట ఇయ్యజాలదు. మన 'పేర్కొను' ధాతువు ఇచ్చట అద్భుతముగా అమరును. పేరు వ్రాసినవానికే చేరునను యంత్రధర్మము ఆ మాటలోనే యున్నది. 'పేర్కొన్నవారికి మాత్రము' అని మొదట వ్రాసికొంటిమి. పిమ్మట రెండు సర్వరుల నిర్వాహకులును గుర్తునకు వచ్చి, 'మాత్రము'ను కొట్టివేసి, 'పేర్కొన్నవారికి' అని యుంచితిమి.